ముందు వరస

తస్లీమ్‌ని వరండా ఆ చివర నిలబెట్టి, తను ఈ చివర కుళాయి దగ్గర నిలబడింది ఆరోగ్యమ్మ. ఇద్దరికీ మధ్య నాలుగు తరగతి గదుల దూరం ఉంది.

"నాకో రహస్యం చెప్పు. అరవకూడదు. గుసగుసగానే చెప్పాలి. కానీ నాకు వినపడాలి."

తొమ్మిదో తరగతి చదివే ఆ పిల్ల పెదాలు కదిపింది. ఏమీ వినపడలేదు. గోడవారగా నిలబడ్డ మిగతా అయిదుగురు ఆడపిల్లలూ ఓణీలు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు.

"అరవకుండా అంతదూరం ఎట్టా వినపడుద్ది మేడంగారూ?" అంది వాళ్ళలో ఒక పిల్ల.

ఆరోగ్యమ్మ కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి, గాలి పీల్చి, తన చెవిలో తనే చెప్పుకుంటున్నట్టుగా అంది: "మా ఇంట్లో పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. ఒకదానికి కళ్ళింకా తెరుచుకోలేదు."

ఆ చివరనున్న తస్లీమ్ ఉలిక్కిపడి చూసింది. ఆమెకి చివరి అక్షరం దాకా వినపడింది.

"గాలి పొట్టలోంచి రావాలమ్మా, గొంతులోంచి కాదు," అంటూ ఆరోగ్యమ్మ నడిచి వెళ్ళి, ఆ పిల్ల అరచేతిని తీసుకుని తన డొక్కల కింద ఆనించింది. "ఇదిగో, ఇక్కడ కదలాలి. మాటని పళ్ళ మీద నిలబెట్టి వదులు. చివరక్షరం మింగేశావంటే మాట చచ్చిపోద్ది."

సైన్సు గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు తెలుగు మాస్టారు పార్థసారథి. మంచినీళ్ళ కోసం బోరింగు దగ్గర పాట్లుపడే ఆడవాళ్ళ మీద ఇరవై నిమిషాల నాటిక రాశాడాయన. శనివారంనాడు నందిగామలో హైస్కూళ్ళ నాటిక పోటీలు. రాయటమైతే రాశాడుగానీ ఆడించటం చేతకాలేదు. పిల్లలు ఎక్కాలు ఒప్పజెప్పినట్టు ఒప్పజెబుతున్నారు. జగ్గయ్యపేట బస్టాండు వెనక సందులో జాకెట్లు కుట్టుకుంటున్న ఆరోగ్యమ్మ ఒకప్పుడు పరిషత్తు నాటకాల్లో ఆడవేషాలు కట్టిందని ఎవరో చెబితే, పది రోజుల క్రితం వెళ్ళి బతిమాలి తీసుకొచ్చాడు.

నాటికలో తస్లీమ్‌ది ముసలవ్వ వేషం. నడుం విల్లులా వంచి, దగ్గుతూ నడిచింది.

"ఆగమ్మా," అంది ఆరోగ్యమ్మ. "మీ ఇంట్లో ముసలోళ్ళున్నారా?"

"మా నానీ ఉందండి, అమ్మమ్మ."

"వంగుదామని వంగుద్దా ఆమె?"

తస్లీమ్ ఆలోచించింది. "లేదండి. నిలబడదామనే చూస్తది. కుదరదు."

"ఆ కుదరకపోటం చెయ్యి. వంగటం చెయ్యమాక."

తస్లీమ్ మళ్ళీ మొదట్నుంచీ నడిచింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఖాళీ బిందెని నిండు బిందెలా మొయ్యటం తర్వాతి పాఠం. బిందె చంకనెత్తుకున్నాక రెండో చెయ్యి దానంతటది ఎలా పక్కకి లేస్తుందో, మెడనరం ఎటు లాగుతుందో ఆరోగ్యమ్మ చేసి చూపించింది. ఒక పిల్ల పత్తి తీతకెళ్ళి బడికి రాకపోతే ఆ వేషం కూడా తనే వేసి నిలబడింది. బెల్లు కొట్టాక కూడా పిల్లలు కదల్లేదు. "రేపెన్నింటికి మేడంగారూ?" అని వెంటపడ్డారు. యాభై రెండేళ్ళ వయసులో ఆమెను మేడం అని పిలిచినవాళ్ళు వీళ్ళే.

ఇంటికొచ్చేసరికి సువార్త మూడో తరగతి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఆరోగ్యమ్మకి ఒక్కతే కూతురు. మొన్న డీఎస్సీలో టీచరు ఉద్యోగమొచ్చి, నందిగామ అవతల కీసర బడికి రోజూ బస్సులో వెళ్ళి వస్తోంది.

"ఆ పిల్ల ఉంది చూశావా, తస్లీమని, వాళ్ళ నాన్న లారీ డ్రైవరంట. ఈ రోజు దాని నడక చూస్తే నాకే ఒళ్ళు జలదరించింది," అంది ఆరోగ్యమ్మ, కాళ్ళు కడుక్కుని వస్తూనే.

"ఇంకెన్నాళ్ళమ్మా?"

"శనివారంతో అయిపోద్ది. మైకులో నా పేరు కూడా చెప్తారంట. దర్శకత్వం ఆరోగ్యమ్మగారు అని. మాస్టారే కాగితమ్మీద రాసి చూపించాడు." ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "అన్ని మండలాల టీచర్లూ వస్తారంటగా? మీ బడివాళ్ళని కూడా తీసుకుని నువ్వూ రావే."

సువార్త చేతిలోని ఎర్రపెన్ను ఒక అంకె మీద ఆగింది. కాసేపటికి, "చూద్దాంలే," అని పేపరు తిప్పింది.

బుధవారం మధ్యాహ్నం పార్థసారథి బస్టాండు వెనక సందులోకి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. మిషను పక్కన డబ్బాలో ఉన్న దారపు ఉండల్ని చూస్తూ నిలబడ్డాడు.

"సాయంత్రం కొంచెం ముందే వస్తా మాస్టారూ. బోరింగు కాడ దెబ్బలాట ఇంకా పొంతన కుదరలా," అంది ఆరోగ్యమ్మ, తొక్కుడు ఆపకుండానే.

"ఇక మీరు రానక్కర్లేదండీ."

మిషను చక్రం దానంతటదే రెండు చుట్లు తిరిగి ఆగింది.

"కమిటీలో ఏదో అనుకున్నారండీ. ఆడపిల్లలు గదా, తల్లిదండ్రులు ఏవన్నా అంటారేమోనని... పెద్ద మేడంగారు కూడా..." ఆయన మాటలు ఎక్కడా పూర్తి కాలేదు.

"కమిటీ అంటే భవానీప్రసాద్‌గారేనా?"

పార్థసారథి ఒక నీలం దారపు ఉండని చేతిలోకి తీసుకుని మళ్ళీ డబ్బాలో పెట్టాడు.

"నాటకాలదాన్నని," అంది ఆరోగ్యమ్మ. అడిగినట్టు లేదది. సూది కింద ఇరుక్కున్న గుడ్డని నెమ్మదిగా బయటికి లాగింది.

ఆయన వెళ్ళిపోయిన తర్వాత ఒక అరగంట మిషను ముందే కూర్చుంది. తర్వాత లేచి, జుట్టు ముడేసుకుని, మెయిన్ రోడ్డు మీద ఉన్న విత్తనాల కొట్టుకి నడిచింది.

కొట్టు నిండా రైతులున్నారు. పత్తికి కొట్టే మందు గురించి భవానీప్రసాద్ ఎవరికో చెబుతున్నాడు. అరవై దాటిన మనిషి, తెల్లచొక్కా. స్కూలు కమిటీకి ఆయనే ఛైర్మన్. ఆమెని చూసి మాట ఆపాడు.

"భవానీప్రసాద్‌గారూ, నాకొక్కటి చెప్పండి," అంది ఆరోగ్యమ్మ. గట్టిగా అరవలేదు. కానీ రోడ్డవతల టీకొట్టు దగ్గరున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు. "మీ ఊరి పందిట్లో నేనెన్నిసార్లు ఆడానో మీకు గుర్తులేదా? చప్పట్లు కొట్టినవి ఈ చేతులే గదా? స్టేజీ మీదికొచ్చి దండేసింది మీరే గదా? మీరు చూస్తే కళ, నేను నలుగురు పిల్లలకి నేర్పితే పాపమా?"

ఆయన మొహం ఎర్రబడింది. రైతులు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"ఆడపిల్లలు చెడిపోతారని భయమేసిందా? నా దగ్గర ఏం చూసి చెడిపోతారు? బిందె మొయ్యటం చూసా?"

కొట్లో పనిచేసే రత్తయ్య కాటా పక్కనుంచి ముందుకొచ్చాడు. "ఏందమ్మా ఆ మాటలు, పెద్దాయనతో? పో బయటికి."

"రత్తయ్యా, నువ్వుండు," అన్నాడు భవానీప్రసాద్. "ఆమెని అననియ్యి." లేచి తన కుర్చీని ఆమె వైపు జరిపాడు. "కూర్చోండమ్మా. కాసిని మంచినీళ్ళు తాగండి."

"మీ నీళ్ళు నాకొద్దు," అంది ఆరోగ్యమ్మ.

వెనక్కి తిరిగి రోడ్డు మీదికి నడిచింది.

సాయంత్రం సువార్త రాగానే జరిగిందంతా చెప్పింది. సువార్త చేటలో బియ్యం ఏరుతూ వింది. కొట్లో మాటల దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఆయన్నా? అందరి ముందూనా?"

"మరి ఎవర్నంటావు?"

"ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు? మొహం చెల్లితేగా."

సువార్త చేట పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చాక తలనొప్పిగా ఉందని అన్నం తినకుండా పడుకుంది. తన అవమానానికి కూతురు బాధపడుతోందనుకుంది ఆరోగ్యమ్మ. పక్కన కూర్చుని, "పోనీలేవే. పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు," అని వీపు నిమిరింది. సువార్త దిండులో మొహం దాచుకుంది.

శనివారం పొద్దున సువార్త బడికి సెలవు పెట్టి, ఎటూ వెళ్ళలేదు. లైనింగు గుడ్డ కొనాలని చెప్పి, ఆరోగ్యమ్మ నందిగామ బస్సెక్కింది.

పోటీలు జరిగే బడి ఆవరణలో షామియానా వేశారు. ఆమె చివరి బల్ల మీద, చంటిపిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళ మధ్య సర్దుకుని కూర్చుంది. ముందు ఏవో మూడు నాటికలు అయ్యాయి. పిల్లలు మైకు కోసం ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు. నాలుగోది జగ్గయ్యపేట వాళ్ళది.

తెర తీసేసరికి ఆరోగ్యమ్మ బల్ల అంచుకి జరిగింది. బోరింగు దగ్గర దెబ్బలాట ఎవరో మార్చేశారు. పిల్లలు వీపులు తిప్పేస్తున్నారు. "ఇటు, ఇటు తిరగండే," అని నోట్లోనే అనుకుంది. అంతలో తస్లీమ్ వచ్చింది. తెల్లటి ముగ్గుపిండి రాసిన జుట్టుతో, నిలబడదామని చూస్తూ, కుదరక, బిందె పట్టుకుని నడిచింది. షామియానాలో గోల తగ్గింది. కొట్టుకుని కొట్టుకుని నీళ్ళన్నీ నేలపాలయ్యాక, ఆ పిల్ల ఖాళీ బిందె పక్కన కూలబడి మైకుకి దూరంగానే, గుసగుసగా అంది: "మీరు కొట్టుకోండమ్మా. నా మనవడికి దాహం మీద ధ్యాస లేదులే ఇప్పుడు. పొద్దున్నే పోయాడు."

చివరి బల్ల దాకా ప్రతి అక్షరమూ వచ్చింది. ఆరోగ్యమ్మ పక్కనున్న ఆవిడ చంటిపిల్లని గుండెకి హత్తుకుంది.

మొదటి బహుమతి ఆ నాటికకే వచ్చింది. "రచన, దర్శకత్వం: శ్రీ పార్థసారథిగారు" అని మైకులో చెప్పారు. ఆయన తలొంచుకుని వెళ్ళి షీల్డు తీసుకున్నాడు. దిగుతూ చివరి బల్ల మీద ఆమెని చూశాడు.

ఆమె గేటు దాటి బస్టాండు వైపు సగం దూరం వెళ్ళేసరికి వెనకనుంచి ఆయాసపడుతూ వచ్చాడు. షీల్డు ఇంకా చేతిలోనే ఉంది.

"ఇది మీదండీ."

"పిల్లలది మాస్టారూ. బళ్ళో పెట్టండి. తస్లీమ్‌కి చెప్పండి, బాగా చేసిందని."

"ఆరోగ్యమ్మగారూ, ఒక్కమాట." ఆయన రోడ్డు పక్కకి జరిగాడు. "భవానీప్రసాద్‌గారిని మీరు అట్లా అన్నారని తెలిసినకాడ్నుంచీ నాకు అన్నం సయించట్లేదు. ఆయన తప్పేం లేదండీ. ఏ తల్లీ తండ్రీ కూడా ఏమీ అనలేదు."

"మరి?"

"బుధవారం పొద్దున్నే మీ అమ్మాయి వచ్చింది. మా హెడ్మిస్ట్రెస్ కనకవల్లి మేడంగారి దగ్గరికి. బస్సు కూడా వదిలేసుకుని వచ్చింది." ఆయన షీల్డుని రెండో చేతికి మార్చుకున్నాడు. "మా అమ్మ పేరు మైకులో చెప్పొద్దు, మా అమ్మని పోటీలకి తీసుకెళ్ళొద్దు అని ఒకటే ఏడుపు. అమ్మకి మాత్రం నేనొచ్చానని చెప్పొద్దంది. ఏం కారణం చెప్పాలో మాకు తోచలేదు. భవానీప్రసాద్‌గారు అక్కడే ఉన్నారు. కమిటీ వద్దందని చెప్పండి, నన్ను తిట్టుకుంటే తిట్టుకుంటుంది, కన్నకూతురే అందని తెలిస్తే ఆ తల్లి తట్టుకోలేదు అన్నారాయన."

హైవే మీద లారీలు పోతున్నాయి. పేట బస్సు వస్తే ఆరోగ్యమ్మ చెయ్యెత్తి ఆపి ఎక్కింది.

బస్సు చిల్లకల్లు దగ్గర హైవే దిగి పేట వైపు తిరిగేదాకా, కూతుర్ని అడగాల్సినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి పేర్చుకుంటూనే ఉంది. నేను కుట్టి చదివించలేదా? నీకు అన్నం పెట్టింది ఏది? నీకు నేనెప్పుడు తలవంపులు తెచ్చాను? పేటలో దిగాక ఇంటివైపు వెళ్ళలేదు. విత్తనాల కొట్టుకి వెళ్ళింది.

భవానీప్రసాద్ ఒక్కడే ఉన్నాడు. రత్తయ్య బస్తాలు లోపల పెడుతున్నాడు. ఆమెని చూసి ఆయన లేచి నిలబడ్డాడు.

"తప్పు మాటన్నానండీ," అంది ఆరోగ్యమ్మ. మొన్న అంతమందికి వినపడిన గొంతు ఇప్పుడు గుమ్మం దాటి రాలేదు. చేతులు జోడించింది.

"అయ్యో, చేతులు దించండమ్మా." ఆయనకి విషయం అర్థమైంది. "మాస్టారు చెప్పేశాడా? చెప్పొద్దన్నాను." కుర్చీని మళ్ళీ ఆమె వైపు జరిపాడు. "మీరన్న మాటలు అనిపించుకోవాల్సినవాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వాళ్ళ బదులు నేను విన్నాననుకోండి. అమ్మాయినేమీ అనకండి. ఆ రోజు ఆ పిల్ల ఏడిచిన ఏడుపు ఉత్త సిగ్గుతో వచ్చింది కాదు."

ఇంటికెళ్ళేసరికి దీపాలు పెట్టే వేళయింది. సువార్త పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

"ఇంతసేపేంటమ్మా? లైనింగు దొరికిందా?"

"నందిగామ పోయొచ్చా. బళ్ళోకి."

సువార్త తల తిప్పలేదు. గరిటె గిన్నెలోనే ఉండిపోయింది. అన్నం పొంగి పొయ్యి మీద పడితే ఆరోగ్యమ్మే వెళ్ళి మూత తీసింది. బస్సులో పేర్చుకున్న మాటల్లో ఒక్కటే మిగిలింది.

"నేనేం తప్పు చేశానే?"

"నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా."

"మరి?"

సువార్త పొయ్యి వైపే చూస్తూ మాట్లాడింది.

"పెనుగంచిప్రోలు తిరనాళ్ళలో నాటకానికి నన్ను తీసుకెళ్ళేదానివి, గుర్తుందా? నాకప్పుడు ఎనిమిదేళ్ళు."

"నిన్ను ఎవరికి వదిలి పోను? ముందు వరసలో కూర్చోబెట్టేదాన్ని, బాగా కనపడుద్దని."

"కనపడేది. వినపడేది కూడా." ఆమె గొంతు తడబడలేదు. ఎన్నోసార్లు లోపల చెప్పుకున్న మాటల్లా వచ్చాయి. "చుట్టూ మగాళ్ళు. నువ్వు వంగినా, ఏడ్చినా, పమిట సర్దుకున్నా నీ పేరు పెట్టి అనేవాళ్ళు. అని నవ్వుకునేవాళ్ళు. మధ్యలో కూర్చున్న పిల్ల నీ కూతురని వాళ్ళకి తెలీదు. ఒకాయన నాకు బఠాణీలు కూడా పెట్టాడమ్మా, పాపా తిను అని. అవి నా చేతిలో పోస్తూనే నిన్ను అన్నాడు."

ఆరోగ్యమ్మ గోడకానుకుని నెమ్మదిగా కిందికి జారి కూర్చుంది.

"నువ్వు లైట్లో ఉండేదానివి. నీకు వినపడదు. ఇప్పుడు నందిగామలో మైకులో నీ పేరు చెప్తారు. మా టీచర్లుంటారు, బయటివాళ్ళుంటారు. ఎవరో ఒకళ్ళు మళ్ళీ అంటారు. నేను మళ్ళీ వినాలి. నావల్ల కాలేదమ్మా."

"ఏమనేవాళ్ళు?"

సువార్త తల అడ్డంగా ఊపింది.

"నాకెప్పుడూ చెప్పలేదేమే?"

"ఆట అవ్వగానే రంగు మొహంతోనే పరిగెత్తుకొచ్చేదానివి. ఎట్టా చేశానే అని అడిగేదానివి. బాగా చేశావమ్మా అనేదాన్ని." అప్పుడు వచ్చింది ఆమెకి ఏడుపు. "నిజంగానే బాగా చేసేదానివి."

ఆరోగ్యమ్మ అన్నం దించి, రెండు కంచాల్లో పెట్టింది. ఇద్దరూ తిన్నామనిపించారు.

సోమవారం పొద్దున పార్థసారథి వచ్చాడు. నాటిక బందరులో జిల్లా పోటీలకి వెళుతుందట. బోరింగు దెబ్బలాట తనే పాడు చేశాడని ఒప్పుకున్నాడు. "మళ్ళీ రమ్మని అడగటానికి నాకు మొహం లేదు. పిల్లలు పంపించారండీ," అన్నాడు.

సువార్త జడ వేసుకుంటోంది. ఆరోగ్యమ్మ ఆమె వైపు చూసింది. సువార్త రిబ్బను ముడి వేసి, సంచీ భుజానికి తగిలించుకుని, చెప్పులు తొడుక్కుంది. గుమ్మం దాటాక ఇటు తిరక్కుండానే, "సాయంత్రం అన్నం నేను వండుతాలే. నువ్వు నిదానంగానే రా," అని వెళ్ళిపోయింది.

ఆమె సందు మలుపు తిరిగేదాకా ఆరోగ్యమ్మ గుమ్మంలో నిలబడింది.

"వస్తా మాస్టారూ. మైకులో మాత్రం నా పేరు చెప్పొద్దు."

"అదేంటండీ! ఈసారి నేనే రాసిస్తాను, ఎవరేమన్నా సరే..."

"ఎవరో అంటారని కాదు. అది విని నా కూతురు తట్టుకోలేదు. అంతే." ఆమె ఇంకోసారి అంది: "రాయొద్దు."

సాయంత్రం సైన్సు గదిలో బల్లలు గోడవారకి జరిపారు. పిల్లలు ఆమెని చూసి ఒక్కసారిగా మీదికొచ్చారు. తస్లీమ్ వెంట ఏడేళ్ళ పిల్ల ఒకతి వచ్చింది. అక్క ఓణీ కొస పట్టుకుని వదలటంలేదు.

"మా చెల్లెలండి, షాజాది. నేను నడుస్తుంటే ఇంట్లో ఇది కూడా నడుస్తది నానీ లాగ."

"బందరొస్తదా?"

"వస్తదండి. అమ్మీకి కుదరదుగానీ, ఇది నా వెంట వస్తానని ఒకటే పట్టు."

"నువ్వు స్టేజీ ఎక్కితే ఇదెక్కడ కూర్చుంటది?"

"ముందర కూర్చోబెడతానండి. బాగా కనపడాలిగా."

ఆరోగ్యమ్మ ఆ చిన్నపిల్లని చూస్తూ ఉండిపోయింది. ఆమె వెళ్ళి గది మూలనున్న స్టూలు తెచ్చి, తెర ఉండాల్సిన చోట, పక్కగా వేసింది.

"ముందర వద్దు. నాతో ఉంటది, తెర పక్కన," అంది. "అక్కడ్నుంచీ బాగానే కనపడుద్ది."

షాజాదిని ఎత్తి స్టూలు మీద కూర్చోబెట్టి, తను దాని పక్కనే నిలబడి, "ఊఁ, మొదలెట్టండమ్మా," అంది.